యాదగిరన్న పెట్టని దండం

మొన్న మంగళవారం నుంచి మా అపార్ట్‌మెంట్ మెట్ల గ్రిల్లుకు రంగులు వేస్తున్నారు. మూడో అంతస్తు దాకా ఎనామిల్ వాసన. పక్క ఫ్లాటావిడ ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని, తల పగిలిపోతోందమ్మా అంటూ వాచ్‌మన్‌ని తిడుతుంటే, నేను మాత్రం చెత్తబుట్ట బయట పెట్టే వంకతో రోజుకు నాలుగుసార్లు తలుపు తీసి, ఆ వాసన గుండెల నిండా పీల్చుకుని లోపలికొస్తున్నాను. పిచ్చి కాకపోతే ఏమిటి! కానీ ఆ వాసన తగిలితే చాలు, నాకు మళ్ళీ పదేళ్ళ వయసొస్తుంది, వేళ్ళకు నీలంపొడి అంటుకుంటుంది, అమీర్‌పేట వెనక సందులో కూలిపోయిన గోడ ఒకటి లేచి నిలబడుతుంది. ఆ గోడ దగ్గర నేను ఒకసారి నోరు జారాను. ఇంకోసారి నోరు విప్పాల్సిన చోట విప్పలేదు. జారినందుకు కాదు, విప్పనందుకే ఇప్పటికీ నాకు సిగ్గు.

నాన్నకు మాసబ్ ట్యాంక్‌లో ఆఫీసు. తెనాలి నుంచి బదిలీ మీద వచ్చి, అమ్మను, నాయనమ్మను, నన్ను ఆ సందులో మేడ మీది రెండు గదుల్లో దింపాడు. అవి జావా కోర్సుల రోజులు. ఊళ్ళకు ఊళ్ళే సంచులు సర్దుకుని అమీర్‌పేటలో బస్సు దిగుతున్నట్టుండేది. ఏ మేడ మీద చూసినా రేకుల షెడ్డు, ఏ షెడ్డులో చూసినా కంప్యూటర్ క్లాసు, కింద జిరాక్సు మిషను, దాని పక్కన హాస్టలు, ఆ పక్కన పొద్దున్నే పొగలు కక్కే ఇడ్లీ బండి, దాని చుట్టూ ప్లేటు ఒక చేత్తో, నోట్సు ఒక చేత్తో పట్టుకుని నిలబడే తింటున్న అన్నయ్యలు, అక్కయ్యలు. కోచింగ్ సెంటర్ల వాళ్ళు పంచే కరపత్రాలు రోడ్డంతా పరుచుకుని ఉండేవి. ఎండాకాలం వాటితో విసనకర్రలు, వానాకాలం పడవలు చేసేవాళ్ళం. శ్రావణ మాసంలో సందు చివర నిప్పుల మీద మొక్కజొన్న పొత్తులు కాలుతుంటే, ఆ చిటపటలు వింటూ తొక్కుడుబిళ్ళ ఆడుతూ, నా పడవ ముందా నీ పడవ ముందా అని కొట్టుకు చచ్చేవాళ్ళం.

ఆ మేడలన్నిటికీ బోర్డులు రాసినవాడు యాదగిరి. బోరబండ నుంచి సైకిలు మీద వచ్చేవాడు. హ్యాండిల్‌కు ఒకవైపు రంగు డబ్బాలు, ఒకవైపు అన్నం డబ్బా, చెవి సందున బీడీ ఉండాల్సిన చోట సన్నటి కుంచె. సందులో పిల్లలందరికీ యాదగిరన్న. నీలంపొడి అద్దిన దారం ఒక కొస మా చేతికిచ్చి, రెండో కొస తాను పట్టుకుని, బోర్డు మీద సాగదీసి టప్పున వదిలేవాడు. తిన్నటి గీత పడేది. ఆ కొస పట్టుకోవడానికి మాలో మాకు వంతులు. ఇంగ్లీషు ఆయనకు రాదు. ఎవరో కాగితం మీద రాసిచ్చిన అక్షరాలను బొమ్మలు దించినట్టు దించేవాడు. అయినా ఆయన రాసిన "జావా" ముందు ఆగి చూడనివాడు లేడు.

దసరా వచ్చిందంటే వాళ్ళావిడ రొట్టెలు నలిపి చేసిన మలీద ముద్దలు కాగితంలో చుట్టి తెచ్చేవాడు. నెయ్యి, బెల్లం కలిసి ఆ కాగితం జిడ్డోడుతుండేది. అది తింటూ నేనొకసారి అడిగాను, దేవుడికి పెట్టాకే తెచ్చావా అని.

"దేవుడా? ఏడున్నడు బిడ్డా? నేను గీస్తెనే ఉన్నడు," అని నవ్వాడు. "దేవుని ముచ్చట నాకు తెల్వది. మలీద మాత్రం ఉన్నది. తిను."

నాకది భలే మాటగా తోచింది. దాచుకున్నాను.

మా కాలనీ ప్రహరీ గోడ ఇడ్లీ బండికి ఎదురుగా ఉండేది. దారిన పోయే మగవాళ్ళకు ఆ గోడను చూడగానే ఎందుకో అవసరం గుర్తొచ్చేది. బోర్డు పెట్టారు, బతిమాలారు, తిట్టారు. లాభం లేదు. చివరికి కాలనీ సంఘం ప్రెసిడెంటుగారు, సెక్రటరీ అయిన మా నాన్న కూర్చుని అన్ని కాలనీల వాళ్ళూ చేసే పనే చేద్దామన్నారు. గోడ నిండా దేవుళ్ళు. ముందు అమ్మవారు, బాగుంటే తర్వాత మిగతా గోడంతా. యాదగిరన్నకు అది ఆరేడు నెలల పని. పంజాగుట్టలో అప్పటికే ఫ్లెక్సీ మిషన్లు దిగాయి, ఆయన నెల రోజుల్లో రాసే బోర్డులన్నీ అవి పూటలో తీస్తున్నాయి. ఆ గోడ దొరకడం ఆయనకెంత అవసరమో నాకప్పుడు తెలియదు.

వినాయక చవితి వెళ్ళాక మొదలుపెట్టాడు. ఎర్రచీర, పచ్చంచు, ముక్కుపుడక, అభయమిచ్చే చెయ్యి, పెదవి చివర వచ్చీరాని నవ్వు. మా నాయనమ్మ ఆ నవ్వు చూసి రోడ్డు మీదే నిలబడిపోయింది. తెల్లారగానే ఏటవాలు మెట్లు దిగి, పారిజాతాలు కొంగులో పోసుకెళ్ళి, బొమ్మ సగంలో ఉండగానే గోడ మొదట్లో పెట్టి వచ్చేది. కళ్ళు మాత్రం ఇంకా లేవు. కళ్ళెప్పుడు పెడతావని అడిగితే, "ఆఖరికి. ముందుగాల పెడితే నన్నే సూస్తుంటది, పని సాగది," అనేవాడు. దేవుడు లేడనే మనిషి!

దసరాకు ఇంకా రెండు వారాలుందనగా మా ఇంట్లో సంఘం మీటింగు జరిగింది. అమ్మ చేసిన పులిహోర, గారెలు విస్తరాకు దొన్నెల్లో తిరుగుతున్నాయి. అందరూ అమ్మవారి గురించే. ఎంత భక్తి ఉంటే వస్తుందండీ ఆ కళ, పూర్వజన్మ సుకృతం కాకపోతే, అని ప్రెసిడెంటుగారి భార్య కళ్ళు ఒత్తుకుంది. నాకు తెలిసిన సంగతి వీళ్ళెవరికీ తెలియదే అన్న గర్వం పొంగుకొచ్చింది నాకు.

"యాదగిరన్నకు భక్తి లేదు ఆంటీ. దేవుడు లేడన్నాడు. తను గీస్తేనే ఉన్నాడంట!"

గారె కొరుకుతున్న నోళ్ళు అలాగే ఆగిపోయాయి. అమ్మ నా తొడ మీద గిల్లిన గిల్లుడు మూడు రోజులు నల్లగా ఉంది.

మర్నాడు ప్రెసిడెంటుగారు గోడ దగ్గరకొచ్చారు. కోప్పడలేదు పాపం, మర్యాదగానే చెప్పారు. కళ్ళు పెట్టేముందు తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని, అందరి ముందూ అమ్మవారికి ఒక్క దండం పెట్టాలి. అంతే.

యాదగిరన్న కుంచె కడుగుతూ విన్నాడు. "నాకు జావా వస్తదా సార్? రాదు. రాదని జావా బోర్డు రాయొద్దని ఎవలన్న అన్నరా?"

"అదీ ఇదీ ఒకటేంటయ్యా?"

"నాకు ఒకటే సార్. పని మంచిగ జేస్త. దొంగ దండం మాత్రం నాతోని గాదు."

డబ్బాలు సైకిలుకు తగిలించుకున్నాడు. నేను వెక్కివెక్కి ఏడుస్తూ సందు మలుపు దాకా వెంట పరిగెత్తాను. సైకిలు ఆపి నా తల మీద చెయ్యి పెట్టాడు. "నేనన్న మాటనే చెప్పినవ్ గదా బిడ్డా. అబద్ధం ఆడలే గదా. ఏడుస్తవెందుకు?" అన్నాడు. ఆ మాటకు ఇంకా ఏడ్చాను.

కళ్ళు పెట్టడానికి సంఘం వాళ్ళు వేరే పెయింటర్‌ని తెచ్చారు. ఆయన పూజ కానిదే మంచినీళ్ళు ముట్టడట. రెండు రోజులు ఉపవాసముండి, కుంచెకు కూడా పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, నోట్లో ఏదో జపించుకుంటూ కళ్ళు దిద్దాడు. తెర తీశారు. అమ్మవారి ఒక కన్ను బస్టాప్ వైపు చూస్తోంది, రెండో కన్ను ఇడ్లీ బండి వైపు. ఎవరూ ఏమీ అనలేకపోయారు, ఆ మనిషి భక్తి అలాంటిది. మా నాయనమ్మ మాత్రం అటూ ఇటూ జరిగి చూసి, "ఇదేం చోద్యంరా! ఎక్కడ నిలబడ్డా తల్లి నావంక చూడదేం?" అంది. నాలుగు రోజులు తిరక్కుండానే మగవాళ్ళు మళ్ళీ ఆ గోడ దగ్గర నిలబడ్డం మొదలుపెట్టారు.

మహర్నవమి పొద్దున పాల ప్యాకెట్ల కోసం కిందకి దిగాను. గోడ దగ్గర యాదగిరన్న! స్టూలు మీద నిలబడి అమ్మవారి కన్ను తుడిచేస్తున్నాడు.

"సైకిల్ మీద వోతుంటె రోజు కనవడ్తది బిడ్డా. సూడలేకపోతున్న," అన్నాడు నావంక తిరక్కుండానే. "ఎవ్వలకు చెప్పకు."

ఎవరూ పిలవలేదు, ఎవరూ ఇస్తామనలేదు. ఇడ్లీ బండి వాడు పొయ్యి వెలిగించి, మొదటి వాయి దింపేసరికి కళ్ళు రెండూ అయిపోయాయి. చూశాను. ఆ చూపు తిన్నగా నా మీదే ఉంది, నేను చేసిన తప్పు తెలుసన్నట్టు, ఫరవాలేదులే అన్నట్టు. యాదగిరన్న స్టూలు దిగి, రంగు వదలడానికి అరచేతుల్లో ఇంత కిరోసిన్ పోసుకుని, గోడకెదురుగా నిలబడి, తల వంచుకుని, ఘాటుకు కళ్ళు మూసుకుని, రెండు చేతులూ కలిపి రుద్దుకున్నాడు.

సరిగ్గా అప్పుడే పారిజాతాల కొంగుతో మా నాయనమ్మ గేటు తీసుకుని బయటికొచ్చింది.

మధ్యాహ్నానికి కాలనీ అంతా తెలిసిపోయింది. నాస్తికుడి చేత కూడా తల్లి చేతులు జోడింపజేసుకుంది! నాయనమ్మ ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతూనే ఉంది, ఎలా తల వంచాడో, ఎలా కళ్ళు మూసుకున్నాడో. ఆ ముసలి మొహంలో అంత సంతోషం నేనెన్నడూ చూడలేదు.

పండగ వెళ్ళాక నాన్న యాదగిరన్నను ఇంటికి పిలిపించాడు. ప్రెసిడెంటుగారు శాలువా కూడా తెచ్చారు. మిగతా గోడంతా నీదేనయ్యా, ఎంత కాలమైనా పట్టనీ, అన్నారు. ఆయన మొహం వెలిగింది. ఆ తర్వాత దండం సంగతి ఎత్తారు.

"నేను దండం పెట్టలే సార్. చేతులు తుడుసుకున్న."

అందరూ నవ్వారు. ఎంత వినయమండీ అన్నారు. ఆయన చుట్టూ చూసి, తలుపు పక్కన నిలబడ్డ నన్ను చూశాడు. "గీ బిడ్డ ఆడనే ఉండె. అడుగుండ్రి. చెప్పు బిడ్డా, నువ్వు సూసినవ్ గదా?"

అందరూ నా వైపు తిరిగారు. నాయనమ్మ కూడా, ఆ వెలుగుతున్న మొహంతో. ఒకసారి నిజం చెబితే ఏమైందో నాకు గుర్తుంది. ఇప్పుడు చెబితే గోడ మళ్ళీ పోతుంది. ఆయన్ని కాపాడుతున్నాననే అనుకున్నాను, ఒట్టు.

"నేను పాలు తెస్తున్నాను. చూళ్ళేదు," అన్నాను.

యాదగిరన్న నావంక చూశాడు. కోపం లేదు ఆ చూపులో, ఉంటే బాగుండేది. శాలువా మడతపెట్టి కుర్చీలో పెట్టి, "గా పని ఇంకెవలకన్న ఇయ్యుండ్రి సార్," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ మా సందులోకి రాలేదు. బోర్డుల్ని ఒకదాని తర్వాత ఒకటి ఫ్లెక్సీలు మింగేశాయి.

పెద్దయ్యాక చాలా ఆలోచించాను. మేమంతా ఆ బొమ్మని ప్రేమించాం. కానీ నమ్మనివాడి చేతిలోంచి అంత చక్కటి తల్లి వచ్చిందంటే ఒప్పుకోవడం మావల్ల కాలేదు. బొమ్మని చెరిపేయడానికి మనసు రాక, మనిషిని చెరిపేసి, మాకు నచ్చినట్టు ఇంకొకణ్ణి గీసుకున్నాం. నాయనమ్మ పోయేదాకా ఆ గోడకు పారిజాతాలు పెట్టింది. అది తప్పని నేననను. ఆ చూపు ముందు నాకూ చేతులు లేచేవి.

ఇప్పుడక్కడ గోడ లేదు, ఆ మేడలు లేవు, మొక్కజొన్న పొత్తులవాడు లేడు. నీలంపొడి దారం అంటే మా అమ్మాయికి తెలియదు. కొత్తగా కట్టిన ప్రహరీకి వరసగా దేవుళ్ళ టైల్సు అతికించారు. అన్నిటికీ ఒకటే మొహం, ఏదీ ఎవరినీ చూడదు.

నిన్న సాయంత్రం తలుపు తీసి ఉంది. ఎనామిల్ వాసన హాల్లోకి వచ్చి, సోఫాలో కూర్చున్న మా నాన్న ముక్కుకు తగిలినట్టుంది. మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టాడు. "మీ తాతమ్మ కళ్ళారా చూసిందే! దేవుడు లేడనేవాడు, వాడంతట వాడే చేతులు జోడించి..."

"లేదు నాన్నా," అన్నాను వంటింట్లోంచి వచ్చి. "చేతులకు కిరోసిన్ రాసుకున్నాడు. నేనక్కడే ఉన్నాను. చూశాను."

నాన్న నావంక తిరిగాడు. వయసు మీద పడ్డాక ఆయన చూపు కూడా మెత్తబడింది.

"మరి అప్పుడెందుకు చెప్పలేదే?" అన్నాడు.