బీరువాలో కత్తి

మా తమ్ముడు ఆ సంగతి నవ్వుతూ చెప్పాడు. ఆదివారం చర్చి అయ్యాక మా ఇంట్లో భోజనానికి కూర్చుని, చేపల పులుసు కలుపుకుంటూ, "మొన్న కొంచెంలో పొయ్యేవాణ్ణక్కా" అన్నాడు, బస్సు తప్పిపోబోయిన వాడిలాగా.

వల వదులుతుంటే తాడు చీలమండకి చుట్టుకుందట. పడవ ముందుకి పోతోంది, వల బరువు వీణ్ణి వెనక్కి లాగుతోంది. మొలతాడుకి కట్టుకున్న మడత కత్తి తీస్తే అది తెరుచుకోలేదు. గోరుతో లాగాడు, పళ్ళతో లాగాడు. చివరికి రెండో మనిషి ఇంజన్ ఆపి, ఐసు పెట్టె కింద ఎక్కడో ఉన్న చేపల కత్తి వెతికి తెచ్చి తాడు కోశాడు. అప్పటికే వీడి కాలొకటి పడవ అంచు దాటి నీళ్ళలో ఉంది. ఇంత చెప్పి ఇంకో ముక్క వెయ్యమన్నాడు. నేను గరిటె గిన్నెలోనే వదిలేశాను.

తిన్నాక ఆ కత్తి ఇటిమ్మన్నాను. నాకు మైపాడు బస్టాండు దగ్గర కుట్టు అంగడి ఉంది. ఇరవై ఏళ్ళుగా కత్తెరతోనే నా బతుకు. కత్తెరకైనా మడత కత్తికైనా ప్రాణం కీలులో ఉంటుందని నాకు తెలుసు. దీని కీలులో ఉప్పూ తుప్పూ కలిసి గట్టిగా గడ్డకట్టాయి. మా ఆయన పట్టకారుతో తెరిస్తే లోపల కోసే రేకు మాత్రం తళతళా మెరుస్తోంది. కొన్న తర్వాత ఒక్కసారి కూడా వాడినట్టు లేదు.

"అవసరమొచ్చినప్పుడు తీద్దామని పెట్టుకున్నా" అన్నాడు తమ్ముడు.

ఈసారి కత్తి నేనే కొంటానన్నాను. పడవలో విప్పి ఉన్న కత్తి నడుముకి పెట్టుకుంటే వల లాగేటప్పుడు పొట్టలో దిగుతుంది, కింద పెడితే వలల కింద పోతుంది. కాబట్టి మడత కత్తే కావాలి. కానీ ఎలాంటిది? నాకేదైనా తెలియకపోతే నిద్రపట్టదు. అంగడికి కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాణ్ణీ పట్టుకుని, "అన్నా, నీ కత్తి ఎట్ట చచ్చింది?" అని అడగడం మొదలుపెట్టాను. కొందరు నన్ను ఎగాదిగా చూశారు. కానీ ఒకసారి మొదలుపెడితే ఎవరూ ఆపలేదు. మగవాళ్ళకి పెళ్ళినాటి కబుర్లకంటే పోయిన కత్తుల కబుర్లే బాగా గుర్తుంటాయని అప్పుడే తెలిసింది.

కోట ఊరి వైపు రొయ్యల గుంటల మీద పనిచేసే అతను మేత బస్తాలు కోసే కత్తితోనే డబ్బా మూత లేపబోయాడట, మొన విరిగింది. కరెంటు పని చేసే అతని కత్తికి లాకు లేదు, వైరు ఒలుస్తుంటే మడుచుకుని వేలి మీద పడింది. ఆ మచ్చ చూపించడానికి అతను చొక్కా కొలత మధ్యలో చెయ్యి లాక్కున్నాడు. వయసు మళ్ళిన పడవ మనిషి ఒకాయన కత్తికి కీలు వదులైపోయి, రేకు కుక్కతోకలా ఊగేదట. నేను లెక్క పెట్టుకుంటూ పోయాను. ఒక్కరి కత్తి కూడా మొద్దుబారి చావలేదు. కీలు దగ్గరో, మొన దగ్గరో, లాకు దగ్గరో పోయాయి. మేమంతా కొనేటప్పుడు మాత్రం వేలితో అంచు పదునొక్కటే చూస్తాం.

ఆ జ్ఞానం మూటగట్టుకుని నెల్లూరు వెళ్ళాను. సంచిలో వల తాడు ముక్క, నీళ్ళ సీసా, కొబ్బరినూనె. ఇనుప సామాను అంగడాయన నన్ను చూడగానే కూరగాయల కత్తులు పరిచాడు.

"ఇంట్లోకా అమ్మా?"

"కాదన్నా, సముద్రంలోకి."

చెంచా, మూత తీసేది, కత్తెర అన్నీ ఒకదాంట్లోనే ఉన్న మెరుపు వస్తువొకటి తీశాడు. నేను చేతులకి నూనె రాసుకుని, దాని మీద నీళ్ళు పోసుకుని, ఒక్క చేత్తో తెరవబోయాను. జారిపోయింది. ఇంకోటి తెరిచి, దాని వీపు బల్లకి ఆనించి నొక్కాను. లాకు వదిలేసి మడుచుకుంది. వేలే ఉండుంటే తెగేది. ఆయన మొహం మాడ్చుకుని బల్ల తుడిచాడు. ఐదో కత్తికి మాత్రం ఆయనకే సరదా పుట్టినట్టుంది. "ఉండమ్మా, నేను చూస్తా" అని తన చేతికే నూనె రాసుకున్నాడు.

"ఇది స్టీలు, తుప్పు పట్టదు" అన్నాడు ఒకదాన్ని చూపించి.

"మా ఊళ్ళో స్టీలు బకెట్టుకే మచ్చలొస్తాయన్నా. పట్టదు అనొద్దు, నిదానంగా పడతాది అను."

ఆయన నవ్వి ఒప్పుకున్నాడు. చివరికి అన్నిటికీ నిలబడిన కత్తి చూడ్డానికి వికారంగా ఉంది. నారింజరంగు పిడి, మొద్దు మొన, బొటనవేలు పట్టేంత రంధ్రం రేకులోనే. అంచు సగం వరకు రంపంలా పళ్ళు. వల తాడు మీద పెట్టి ఒక్క గుంజు గుంజితే తెగింది. తెరిస్తే లాకు టక్కున పడింది. పిడి చివర తాడు కట్టుకోవడానికి బెజ్జం కూడా ఉంది. నేను గెలిచినంత సంబరపడ్డాను. ఆ సంబరంలో దాన్ని మెరుపు కాగితంలో చుట్టించాను. తప్పంతా అక్కడే చేశాను.

కత్తి చేతికిస్తే గొడవలొస్తాయని మా అమ్మ ఇప్పటికీ నమ్ముతుంది. అందుకని బల్ల మీద పెట్టాను, వాడు తీసుకున్నాడు. కళ్ళకద్దుకున్నంత పని చేశాడు.

మూడు నెలల తర్వాత వాళ్ళింటికి వెళ్ళినప్పుడు మా మరదలు బీరువాలోంచి దుప్పటి తీయమంది. తీస్తే, తన పట్టుచీరకీ వాడి పెళ్ళి కోటుకీ మధ్య, మెరుపు కాగితంలో, నాఫ్తలిన్ ఉండ పక్కన ఉంది నా కత్తి. పెరట్లో తాడు చిక్కు తీస్తున్న వాడి మొలతాడు చూశాను. ఆ పాత తుప్పు కత్తే వేలాడుతోంది.

నాకు ఒళ్ళు మండింది. కాగితంతో సహా తెచ్చి వాడి ముందు పడేశాను.

"ఇదేందిరా?"

"మంచి వస్తువు గదక్కా. సముద్రంలో పడిపోతే ఎట్ట?"

"నువ్వు పడిపోతే ఎట్టరా?"

వాడు మళ్ళీ తాడు చిక్కు తీయసాగాడు. మరదలు గుమ్మంలోనే నిలబడిపోయింది. నేను కత్తి తీసుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి టీవీ పెడదామని రిమోట్ తీశాను. కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు దాని మీద ఇంకా అలాగే ఉంది, అంకెలు కూడా కనబడవు. తమ్ముణ్ణి ఏమని తిట్టను? పుట్టినప్పటి నుంచి మేమంతా ఇంతే, మంచిదైతే దాచిపెడతాం. గట్టి కత్తి ఏరాను గానీ, వాడు పాడుచేసుకోవడానికి జంకని కత్తిని ఏరలేదు.

మరి ఈ కత్తినే అలా చేస్తే? మర్నాటి నుంచి దాని పని పట్టాను. గుడ్డల మూటల తాళ్ళు కోశాను. చర్చి బెంచీల మీద పేరుకున్న కొవ్వొత్తి మైనం గీకాను. పనసకాయ కోస్తే కీలంతా జిగురు పట్టింది, కిరసనాయిలుతో కడిగాను. సముద్రపు నీళ్ళ బకెట్లో నానేసి ఎండబెట్టాను. కీలు పక్కన చిన్న ఎర్రచుక్క లేచింది, రెండు చుక్కల నూనెకి పోయింది. పసుపు మరకలు పడ్డాయి. ఇస్త్రీ పెట్టె తగిలి పిడి ఒక మూల కరిగింది, నిజం చెప్పాలంటే అది నేను తగిలించిందే. పది రోజుల తర్వాత కూడా ఒక్క చేత్తో టక్కున తెరుచుకుంటోంది.

తమ్ముడు వాళ్ళు సాయంత్రం వేటకి పడవ సర్దుకుంటుంటే ఇసుకలోకి వెళ్ళాను. తమ్ముడు కత్తిని చూసి నిజంగానే బాధపడ్డాడు.

"ఏందక్కా, దీన్నిట్ట చేసినావు?"

"ఇప్పుడు పడిపోయినా పర్లేదుగా?"

బల్లా లేదు, కింద పెడదామన్నా ఇసుక. గొడవ ఎటూ అయిపోయింది. తిన్నగా వాడి చేతిలోనే పెట్టాను. వాడు బొటనవేలితో తెరిచి, తాడు కొసలు రెండు కోసి, మూసి, మళ్ళీ తెరిచాడు. కరిగిన మూలని వేలితో తడిమాడు. తర్వాత మొలతాడుకున్న పాత కత్తి విప్పి నాకిచ్చి, దీన్ని కట్టుకున్నాడు. చీలమండ మీద తాడు ఒరుసుకున్న నల్లటి గుర్తు ఇంకా పోలేదు.

పడవ తోశారు. అలలు దాటేదాకా వాడి నడుము దగ్గర ఆ నారింజరంగు కనిపించింది. తర్వాత నేను అక్కడే నిలబడి, పాత కత్తిని రెండు చేతులా లాగి చూశాను. అది తెరుచుకోలేదు.