నీళ్లు తాగుతవా?

2016లో దేవరకొండ దగ్గరి మా సొంత ఊరి ప్రాథమిక పాఠశాలకు బదిలీ అయి వచ్చాను. కోటలాంటి మా దొరల గడి అప్పటికే కూలిపోయింది. పిలుపు మాత్రం నిలిచింది. మా కుటుంబంలో జీతానికి పనిచేసిన మొదటి మనిషిని నేనే. అయినా ఊరికి నేను దొరసాని టీచర్‌నే. అందరూ ‘మీరు’ అనేవారు. వద్దని నేనూ అనలేదు.

ఆ ఏడు రెండో తరగతిలో మల్లిక చేరింది. గొర్లు కాసే వాళ్ల బిడ్డ. ఆటిజం అని హైదరాబాద్ డాక్టర్లు చెప్పారట. పిలిస్తే పలకదు, గంట మోగితే చెవులు మూసుకుంటుంది. ఒక మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చి, చివర్న సాగదీస్తూ గట్టిగా అడిగింది.

“నీళ్లు తాగుతవా?”

తరగతి పకపకా నవ్వింది. “ఓయమ్మో! దొరసాని టీచర్‌నే తాగుతవా అంటాంది!”

“వద్దమ్మా,” అన్నాను. మళ్లీ అడిగింది. వద్దన్న కొద్దీ గొంతు పెంచి, చివరికి నేల మీద పడి ఏడ్చింది.

కబురందుకుని తల్లి కొమురమ్మ ఉరికొచ్చింది. “తప్పైంది దొరసానీ. దీనికి పెద్దచిన్న తెల్వది. రేపటి సంది బడి మాన్పిచ్చి గొర్లెంబడి తీస్కపోత.”

హెడ్మాస్టర్ గారు కూడా అదే మంచిదన్నట్టు తలూపారు.

కొమురమ్మ వెంట తెచ్చిన సీసా మూత తీస్తూ బిడ్డను అడిగింది. “నీళ్లు తాగుతవా?”

అదే మాట. చివర్న అదే సాగదీత. మల్లిక సీసా గుంజుకుని గటగటా తాగింది.

విన్న మాటను విన్నట్టే పలకడాన్ని ఎకోలాలియా అంటారు. శిక్షణలో చదివాను గానీ చెవితో వినడం అదే మొదలు. ఆ పిల్ల నన్ను అడగలేదు. తనకు దాహమైందని తల్లి మాటల్లో చెప్పింది.

“కొమురమ్మా, నీ బిడ్డ నన్నేమనలే. దానికి దూపైంది, గంతే. బడి మాన్పియ్యకు.”

“మీరన్నరు సరే. ఊరోళ్లు నవ్వరా?”

“నవ్వెటోళ్లను నా దగ్గరికి తోలు.”

తరగతిలో మల్లిక చోటు మల్లికకే ఉండిపోయింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం బళ్లు తిరిగే ఉపాధ్యాయురాలిని ఐఈఆర్పీ అంటారు. ఆమె దారి చూపింది: ప్రశ్న అడగొద్దు, పిల్ల అనాల్సిన మాటను పిల్ల బదులు మనమే అనాలి. మల్లిక సీసా వైపు చూస్తే చాలు, పక్కన కూర్చునే లక్ష్మి “నాకు నీళ్లు కావాలె” అనేది. చలికాలానికి ఆ మాట మల్లిక నోట వచ్చింది. చప్పుడు ఆమెకు పడదని పిల్లలు చప్పట్లు కొట్టలేదు. చేతులు పైకెత్తి ఊపారు. అలా ఊపమని వాళ్లకు నేను చెప్పలేదు. ఆ తరగతికి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

మాటలో మర్యాద వెతికే ముందు, ఆ మాట ఏం అడుగుతోందో వినడం అక్కడే నేర్చుకున్నాను.

మల్లిక ఐదో తరగతికి వచ్చాక, ఒక రోజు పాఠం చెబుతుంటే నాకు దగ్గు ఆగలేదు. ఆ పిల్ల లేచి వచ్చి, తన సీసా మూత తీసి నా ముందు పెట్టింది.

“నీళ్లు తాగుతవా?”

ఈసారి దాహం ఆమెది కాదు. నన్ను ‘నువ్వు’ అనే పిలుపు మా అమ్మతోనే పోయింది.

“తాగుత బిడ్డా,” అన్నాను.