డాక్టరమ్మ కారు అమ్మిన తర్వాత

ఈ వయసులో పెట్రోలు బంకుకు నేను గాలి కొట్టించుకోవడానికే వెళ్తాను. మొన్న మంథని బంకులో సైకిల్ ఆపగానే, పైపు పట్టుకున్న అమ్మాయి "తాతా, ఫుల్ ట్యాంకా?" అంది. "ఫుల్లే కొట్టు బిడ్డా, గాలి" అన్నాను. ఇద్దరం నవ్వుతుండగానే పెట్రోలు వాసన ముక్కుకు తగిలి, రూతమ్మ డాక్టర్ గుర్తుకొచ్చింది. ఆమె కారును చాలా ఏళ్లు నడిపాను నేను.

మిషన్ చర్చి పక్కన చిన్న దవాఖాన ఆమెది. పొద్దున అక్కడ రోగులను చూసి, మధ్యాహ్నం నుంచి చుట్టుపక్కల ఊళ్లలో మంచం పట్టినవాళ్ల ఇళ్లకు వెళ్లేది. పెట్రోలు ఖర్చులో సగం చర్చి సంఘం పెట్టుకునేది. కరోనా తర్వాత పెట్రోలు ధర ఎక్కడికో పోయింది. సంఘంలో ఉన్నది కౌలు రైతులు, కూలివాళ్లు. వాళ్లు ఇస్తామనే అన్నారు, ఈమే వద్దంది. "అడిగితె కాదనరు రాజన్నా. కని వాళ్ల కుండల బియ్యం తగ్గుతయి" అంది నాతో. బ్యాటరీ కారుకు సర్కారు సబ్సిడీ ఉందని ఎవరో సలహా ఇస్తే, "కొనెటోళ్లకు ఉన్నది, మంచిదే. కొనలేనోళ్లకు ఏమన్న ఉన్నదా, జర అడుగుండ్రి" అని నవ్వింది.

చివరికి కారు అమ్మేసింది. "కారు పాయె, ఇగ నీ కొలువు?" అని నా భార్య అడిగింది. నాకు వచ్చిన పని అదొక్కటే. ఆ వయసులో ఇంకో స్టీరింగ్ ఎవరిస్తారు? కొన్నవాడికి తాళాలిచ్చి దిగాలుగా నిలబడితే, "రేపు ఏడింటికి రా" అంది డాక్టరమ్మ.

"కారు లేదు గదమ్మా."

"డ్రైవర్ ఉన్నడు గద!"

మర్నాడు వెళ్లేసరికి గోడకు ఆనించి రెండు పాత సైకిళ్లున్నాయి. ఆమెకు సైకిల్ నేర్పింది నేనే. చీర కుచ్చిళ్లు చక్రంలో పడకుండా ఎలా దోపుకోవాలో కూడా నేనే చెప్పాను. మంథని మంథనంతా నిలబడి చప్పట్లు కొట్టింది.

అందరికీ ఇలాగే చెబుతాను. ఆమె కిందటేడు పోయింది కాబట్టి కాదనేవాళ్లు లేరు. నిజమేమిటంటే, ఆసిఫాబాద్ హాస్టల్లో చదివిన రోజుల నుంచే ఆమెకు సైకిల్ వచ్చు. రానిది నాకు. ఎక్కీ ఎక్కగానే పక్కనున్న వరి మడిలో పడ్డాను. నాట్లు వేస్తున్న ఆడవాళ్లలో ఒకామె "చూసిండ్రానే, కారు డ్రైవరు బురదల పార్కింగ్ చేసిండు!" అని అరిచింది. డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోతూనే చెయ్యందించి, "చక్రం దిక్కు చూడకు రాజన్నా, తొవ్వ దిక్కు చూడు" అంది.

నేర్చుకున్నాను. కాని సైకిల్‌కు డ్రైవర్ ఎందుకు? నెల తిరిగాక జీతం చేతిలో పెడితే తీసుకోబుద్ధి కాలేదు. "ఊరికె ఇచ్చేది నాకొద్దమ్మా" అన్నాను. ఆమెకు కోపం వచ్చింది. "ఊరికె ఎవలిస్తుండ్రు? గీ పట్టీ నా చెయ్యికి కట్టు" అని బీపీ మిషన్ నా ముందుకు తోసింది. ఆమె చేతి మీదే నేర్చుకున్నాను.

కారున్న రోజుల్లో ప్రతి ఇల్లూ నాకు కారు తిప్పుకునే జాగాగానే తెలుసు. ఆమె లోపల ఉన్నంతసేపూ సీటు వాల్చి నిద్రపోయేవాణ్ణి. ఎవరి గడపా తొక్కలేదు. పక్షవాతం వచ్చి మంచంలో ఉన్న పోశమ్మ, బీపీ చూడడానికి లోపలికి వెళ్లిన నన్ను మొదటిసారి చూసి, "గిన్నేండ్లు కారు నడిపింది నువ్వేనా అయ్యా? అది దానంతటదే వస్తదనుకున్న" అంది.

ఏ ఇంటి ముందైనా డాక్టరమ్మ సైకిల్ దిగి, గోడ మీద చెయ్యేసి కాసేపు నిలబడేది. ఎందుకమ్మా అంటే, "మనం రొప్పుకుంట పోతె, పండుకున్నోళ్లు లేచి మనకు నీళ్లిస్తరు" అంది.

దవాఖాన మూతపడింది. బీపీ మిషన్ నా దగ్గరే ఉంది. వారానికోసారి పోశమ్మ ఇంటికి వెళ్తాను, గడప ముందు నిలబడతాను. ఇట్టే ఊపిరి కుదుటపడుతుందని ఊళ్లో చెప్పుకుంటాను. పడదు. ఈలోగా, ఇప్పుడు మంచం దిగి కాస్త నడుస్తున్న పోశమ్మే ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో చెంబు పట్టుకుని మెల్లగా బయటికి వస్తుంది. "తాగు ముందుగాల" అంటుంది. తాగి, ఆమె చేతికి పట్టీ కడతాను.