చివరి నల్ల టైలు

నల్లటి నేల మీద వెలుగు పడితే ఆయనకు నీళ్ళు నిలిచినట్టు కనిపిస్తుంది. ముప్పయ్యేళ్ళుగా టైల్సు పరుస్తున్న మనిషి. నిరుడు కుడికన్ను మసకేసింది. ఈ ఏడు ఎడమది కూడా దాని వెంటే నడిచింది. ఆ సంగతి భార్య ఒక్కతికే తెలుసు. సిమెంటు కలిపేదీ, టేపు చదివేదీ ఆవిడే.

ఇప్పుడు పని చేస్తున్న బాత్రూములో పైపు నేలలోంచి పైకి లేచి ఉంది. దాని చుట్టూ పట్టేలా కన్నం కోస్తుంటే గీత కనపడక పొద్దున ఒక టైలు పగిలింది. ఇక మిగిలింది ఒక్కటే. ఆ రంగువి దుకాణంలో అయిపోయాయి.

పెద్దమేస్త్రీ గుమ్మంలో నిలబడ్డాడు. ఒకప్పుడు ఈయన దగ్గరే పని నేర్చుకున్నవాడు. "బాబాయ్, ఇదీ పోయిందనుకో, రేపట్నించి కోత మిషన్ ముట్టుకోకు. ఇసుక జల్లించుకుందువు గాని."

"దానికి నేనున్నాగా. ఉన్న ఒక్క జల్లెడకీ మొగుడూ పెళ్ళాం కొట్టుకోవాలా?" అంది భార్య.

అతను నవ్వకుండా వెళ్ళిపోయాడు.

ఆవిడ టేపు పట్టింది. "ఎడమ గోడ నించి ఐదంగుళాలు. ఎదుటి గోడ నించి తొమ్మిది. విన్నావా?"

"చెవులు బాగానే ఉన్నాయిలే."

ఆవిడ నీళ్ళకు వెళ్ళింది. ఆయన తెల్ల పెన్సిలుతో గీశాడు. కిటికీ వెలుతురు ఆ నునుపు మీద జారి గీతను మింగేసింది. మళ్ళీ గీశాడు. మళ్ళీ మింగింది. టైలును బోర్లించాడు. వెనకవైపు బూడిదరంగు, గరుకు. అక్కడ మామూలు పెన్సిలు గీత చీమలబారులా కనిపించింది. ప్రాణం లేచొచ్చింది.

ఆవిడ వచ్చి నీళ్ళు పోస్తుంటే మిషన్ సన్నగా పాడింది. బురద పాలలా కారింది. గుండ్రటి ముక్క ఊడి పడింది. అంచు మీద వేలు తిప్పాడు. ఎక్కడా గీసుకోలేదు.

"మన పెళ్ళయిన కొత్తలో ఇంత నున్నగా కోసేవాడివి," అంది ఆవిడ.

టైలును తిరగేసి నేల మీద పెట్టాడు. పైపు ఎడమన ఉంది. కన్నం కుడివైపుకి వెళ్ళిపోయింది. నాలుగు వైపులా తిప్పి చూశాడు. ఎటు తిప్పినా అది పైపుకి దూరంగానే జరిగింది. ఆవిడ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది.

పెద్దమేస్త్రీ వచ్చి టైలు ఎత్తి, వెనక ఉన్న గీతలు చూశాడు.

"వెనక గీశావా? తిరగేస్తే ఎడమ కుడి అవుతుందని నాకు నేర్పింది నువ్వే కదా, బాబాయ్." అతను ఆయన పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఎన్నాళ్ళ నించి కనపడ్డం లేదు?"

"కొలత నేనే తప్పు చదివాను," అంది భార్య గబుక్కున.

"సరిగ్గానే చదివింది," అన్నాడు ఆయన. "నాకే చూపు ఆనడం లేదు."

మిషన్ ప్లగ్గు తీయడానికి ఆయన లేచి గోడ తడిమాడు. ఇక దాచాల్సిందేమీ లేదు గనక, రెండు చేతులతోనూ తడిమాడు.