ఆరు పొట్లాల సిల్వియా

డిసెంబరులో అరకులో అన్నీ ఖరీదే. ఆగస్టులో అడిగే దిక్కులేని గదికి నాలుగింతల రేటు. టీ గ్లాసు చిన్నదవుతుంది, టీ ధర పెద్దదవుతుంది. పసుపుపచ్చని వలిసె పూల చేల ముందు నిలబడి ఫోటో దిగడానికి కూడా డబ్బులు వసూలు చేసే నెల అది. చూడ్డానికి వచ్చిన వాళ్ళు రెండు రోజులు ఓర్చుకుని వెళ్ళిపోతారు. అక్కడే పని చేసి అక్కడే తినాల్సిన వాళ్ళ గోడు ఎవరికి పట్టింది?

సిల్వియా ఆ రెండో రకం మనిషి. ఊరి చివర ఒక రిసార్టులో గదులు శుభ్రం చేస్తుంది. పుట్టింది గుమ్మలక్ష్మీపురం వైపు, మెట్టింది అరకు దాటి పన్నెండు కిలోమీటర్ల అవతల. భర్త లాజరస్ మిరియాలు కొయ్యడానికి, తీగ పాకిన సిల్వర్ ఓక్ చెట్టెక్కి పడ్డాడు. అప్పటినుంచీ నడుము పనికిరాక ఇంట్లోనే ఉంటున్నాడు. ఆమె తెల్లవారకముందే లేచి, అతనికి కావలసినవన్నీ మంచం పక్కన అమర్చి, అయిదు గంటల జీపు పట్టుకుంటుంది. ఆ జీపులోనే రత్న, నీలవేణి, ఇంకో ముగ్గురూ వస్తారు. మొత్తం ఆరుగురు. పొద్దున్న కట్టుకొచ్చిన అన్నం ఆ చలికి మధ్యాహ్నానికి గడ్డకట్టి గొంతు దిగదు. వెచ్చబెట్టుకుందామంటే వంటింట్లోకి గదుల మనుషులను రానివ్వరు. తినడానికి ఇచ్చేది అరగంట.

ఆ అరగంటలో ఆరుగురికీ వేడి అన్నం తేవడం సిల్వియా పని. ఎవరూ అప్పగించలేదు. ఏ మెస్సులో అన్నంలో సోడా వేస్తారో, ఏ కర్రీపాయింటులో నిన్నటి కూర ఇవాళ తాలింపు వేసుకుని కూర్చుంటుందో ఆమెకి వాసన చూస్తేనే తెలిసిపోయేది. అలా వెతికి వెతికి రైలుగేటు అవతల అప్పలనర్సమ్మను పట్టుకుంది. బోర్డు లేదు, బల్లలు లేవు. రేకుల పాక, రెండు పొయ్యిలు. వేడన్నం, రాజ్మా గింజల కూర, వలిసె గింజల పొడి, ఉన్నరోజున ఎండుచేపల పులుసు. అడ్డాకులో పొట్లం కట్టి డెబ్బై రూపాయలకి ఇచ్చేది. ఆ పొట్లం విప్పితే వచ్చే వాసనకే సగం అలసట తీరేదని రత్న అంటుండేది. మిగతా సగం ఎలాగూ తీరేది కాదు. గేటు దగ్గర కాపలావాడు సిల్వియాకి ఆరు పొట్లాలమ్మ అని పేరు పెట్టాడు.

అంతా బాగానే ఉంది. చెడగొట్టుకున్నది సిల్వియా నోరే.

ఒకరోజు పన్నెండో నంబరు గదిలో దుప్పట్లు మారుస్తుంటే, అక్కడ దిగిన కుర్రాడు మెనూ కార్డు పక్కన పడేసి అడిగాడు. "ఈ రేట్లు చూస్తేనే కడుపు నిండిపోతోందండీ. ఇంతకీ మీరెక్కడ తింటారు?"

ఆమె చేతిలో దుప్పటి అలాగే ఆగిపోయింది. పద్దెనిమిదేళ్ళుగా ఆ గదులు ఊడుస్తోంది. టవళ్ళు అడిగారు, వేణ్ణీళ్ళు అడిగారు, బొర్రా గుహలకి దారి అడిగారు. నువ్వెక్కడ తింటావని ఒక్కరూ అడగలేదు. సంతోషం పట్టలేక దారంతా చెప్పింది, పాకకి గుర్తులతో సహా. ఎండుచేపలుంటే వదలొద్దని కూడా చెప్పింది.

ఆ కుర్రాడు మంచివాడే. వెళ్ళాడు, తిన్నాడు, మెచ్చుకున్నాడు. మెచ్చుకుంటూ వీడియో తీసి లోకానికంతా చూపించాడు. మూడోరోజుకి రైలుగేటు దాకా కార్లు ఆగాయి. వారం తిరిగేసరికి పొట్లం నూట ఎనభై అయింది. అదీ ముందు ఫోను చేసి చెప్పుకున్నవాళ్ళకే.

సిల్వియా దాచలేదు. ఆ సాయంత్రమే జీపులో చెప్పేసింది. రత్న నెత్తి కొట్టుకుంది. "ఎవులో ఒకలు సెప్పకపోదురా? పోన్లే యప్పా," అంది కాసేపటికి. ఆ 'పోన్లే' సిల్వియాని తిట్టు కంటే ఎక్కువ బాధపెట్టింది. మర్నాటినుంచి మళ్ళీ వేట. బస్టాండు దగ్గర కొన్న సాంబారన్నానికి నీలవేణికి కడుపు చెడింది. మెస్సుల్లో బయటివాళ్ళ రేటే తమకీ చెప్పారు. నాలుగు రోజులు బిస్కెట్లతో గడిచాయి. తిండిలేని ఒంటితో పరుపులు ఎత్తి దులపడం ఎంత కష్టమో పరుపులు ఎత్తినవాళ్ళకే తెలుస్తుంది.

అయిదోరోజు సిగ్గు విడిచి అప్పలనర్సమ్మ దగ్గరికే వెళ్ళింది.

"సిల్వియమ్మా, నువ్వా! ఇదంతా నీ పున్నెమే," అంది అప్పలనర్సమ్మ గరిటె వదలకుండానే.

"ఆరు పొట్లాలు కావాలప్పా. పాత రేటుకి కాకపోయినా పర్నేదు."

"ఏటి సేత్తాను సెప్పు? అన్నీ ఫోన్లలో రాయించీసుకున్నారు. నా కోసం దాసుకున్నదొక్కటే ఉంది. తీసుకో, డబ్బులొద్దు. బేగి తినీయ్, సల్లారిపోద్ది."

ఒక్క పొట్లం. ఆరు భాగాలు చేస్తే మనిషికి నాలుగు ముద్దలు. అదైనా నయమే అనుకుని బయలుదేరింది. అరచేతుల్లో వేడి, ముక్కుకి ఎండుచేపల పులుసు వాసన. పట్టాల పక్క కంచె దగ్గరకి వచ్చేసరికి ఇక అడుగు పడలేదు. ఒక్క ముద్ద తిని లేస్తే నడవగలననుకుని రాతిమీద కూర్చుని కట్టు విప్పింది. ఒక ముద్ద తిన్నది. ఆ తర్వాత ఆమెకి రత్న గుర్తు రాలేదు, నీలవేణి గుర్తు రాలేదు, ఇంట్లో లాజరస్ కూడా గుర్తు రాలేదు. గుర్తొచ్చేసరికి ఆకు ఖాళీ. ఎంత రుచిగా ఉందని! ఆ రుచికే ఏడుపొచ్చింది.

చేతులు రెండుసార్లు కడుక్కుని వెళ్ళింది. బట్టలు ఉతికే గది వెనక అయిదుగురూ గోడకి ఆనుకుని కూర్చున్నారు.

"నేదే. అయిపోయినాయంట," అంది, వాళ్ళ మొహాలు చూడకుండా.

రత్న కాగితం మడత విప్పింది. అందులో ఏదో గదిలో మిగిలిపోయిన రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక ఉడకబెట్టిన గుడ్డు. "మేం తలో ముక్కా తినీసినాం. గుడ్డు ఒక్కటే దొరికింది. అంత దూరం నడిసొచ్చినావు, నువ్వు తిను."

సిల్వియా ఇక ఆగలేకపోయింది. "నాను తినీసినానే. అప్పలనర్సమ్మ ఒక్క పొట్లం ఇచ్చింది. దార్లో కూకుని నానొక్కర్తినే తినీసినాను."

రత్న నవ్వేసింది.

"సాల్లే యప్పా, మాకు పెట్టీడానికి ఇదొక కత. మొన్న బిస్కెట్లప్పుడూ ఇలాగే తినీసినానని నీ వంతు నీలవేణికిచ్చీసినావు. మాకు తెల్దేటి?"

"ఈపాలి నిజమే. దేవుడి తోడు."

"ఒట్లు కూడానా? తింటావా, నోట్లో పెట్టమన్నావా?"

నీలవేణి గుడ్డు ఒలిచి ఆమె చేతిలో పెట్టింది. సిల్వియా కొరికింది. ఆమె తినడం పూర్తయ్యేదాకా ఆ అయిదుగురిలో ఒక్కరూ అక్కడినుంచి లేవలేదు.