ఎర్ర సిరాతో కొట్టేసిన పేరు

1957లో నేను ఆదిలాబాద్ జిల్లాలోని ఒక బొగ్గుబాయి మీద టైమ్ ఆఫీసు గుమాస్తాను. షిఫ్టుకు వచ్చినవాళ్ల హాజరు రాసే పెద్ద పుస్తకాన్ని మస్టర్ అంటారు. పేరు, తండ్రి పేరు, చేసే పని అన్నీ అందులోనే ఉంటాయి. నేను బడిలో చదివింది ఏడో తరగతి దాకానే. మిగతాదంతా కాలనీ గ్రంథాలయంలో, ఒక్కో బీరువా ఖాళీ చేస్తూ చదువుకున్నదే. ఆ చదువంటే నాకు గర్వంగానే ఉండేది.

మా షిఫ్టులో ముగ్గురు మల్లయ్యలు. తేడా తెలియడానికి నాకు ముందున్న గుమాస్తా వాళ్లను పొడుగు మల్లయ్య, మెట్‌పల్లి మల్లయ్య, కిరస్తానం మల్లయ్య అని రాసిపెట్టాడు. మూడో ఆయన ఫిల్లర్, అంటే రాలగొట్టిన బొగ్గును టబ్బుల్లోకి ఎత్తేవాడు. ఆదివారం భార్య లచ్చవ్వతో ప్రార్థనకు వెళ్లి వెనక వరుసలో కూర్చునేవాడు. తోటివాళ్లకు అంతే చాలింది.

"ఏం కిరస్తానపోడా, నీ దేవుడచ్చి టబ్బు నింపుతలేడా?" అని బాయిలోకి దిగేటప్పుడు రోజూ ఎకసెక్కం. "నింపుతుండు గని, నీ టబ్బుల పోస్తుండు" అని ఆయన నవ్వేవాడు.

ఆ ఏడు మస్టర్ కొత్తగా రాయమన్నారు. ఎగతాళి పేరు ఆఫీసు పుస్తకంలో ఎందుకనిపించింది. పాత మస్టర్‌లో 'కిరస్తానం' అన్న మాటను ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెట్టాను. కొత్తదాంట్లో 'మల్లయ్య, తండ్రి రాజయ్య' అని రాశాను. మంచిపని చేశాననుకున్నాను.

నెల తిరగకముందే మల్లయ్య నా కిటికీ దగ్గరికి వచ్చాడు. లచ్చవ్వకు క్షయ. ఇక ఆశ లేదని దవాఖానలో చెప్పేశారు.

"సారు, జర ఒక కాయితం రాసియ్యాలె. బాయి మీద నన్ను కిరస్తానం మల్లయ్యంటరని."

"ఎందుకయ్యా?"

"రేపు లచ్చవ్వ పోతే, పాతిపెట్టనీకి మా కులపోళ్లు బొందలగడ్డకు రానియ్యమంటున్నరు. 'గాళ్లల్ల కలిసినవ్, గాడికే తీస్కపో' అంటున్నరు. గాడికి పోతే చర్చి సంఘపెద్దేమో, 'మీరు బాప్తిస్మం తీసుకోలే, మా మనుషులని ఏం రుజువు' అంటుండు. కులపోళ్లకు భయపడి ఇన్నేండ్లు ఆగితిమి. ఇప్పుడు తీసుకుందామంటే పాస్టరయ్య వానలు తగ్గినంకగని రాడు. లచ్చవ్వ రోజు అడుగుతుంది సారు, నన్ను యాడ పెడ్తవని. కంపెనీ పుస్తకంల మా పేరుందని సంఘపెద్దకు చెప్పిన. కాయితం తెమ్మన్నడు."

పాత మస్టర్ తీసి చూపించాను.

"మల్లయ్యా, అది నేనే కొట్టేసిన. నిన్ను ఎక్కిరించే పేరు గదా అని."

ఆయన ఆ ఎర్ర గీత మీద వేలు పెట్టాడు. "ఎక్కిరించుడే సారు. గని పదేండ్ల సంది గా పేరుకే పలుకుతున్న. నన్నొక్క మాట అడగకపోతిరి."

కొట్టేసినదాన్ని తిరిగి రాసే అధికారం గుమాస్తాకు లేదు. అందుకని జరిగింది జరిగినట్టే కాగితం మీద పెట్టాను. ఇన్నేళ్లు ఈ పేరు మస్టర్‌లో ఉందని, మనిషిని అడగకుండా నేనే కొట్టేశానని. అది పట్టుకుని మల్లయ్య వెంట నేనూ వెళ్లాను.

సంఘపెద్ద దేవదాసు బాయిలో మేస్త్రీగా చేసి రిటైరైన ముసలాయన. కాగితం రెండుసార్లు చదివాడు. "ఇది నవ్వేటోళ్లు పెట్టిన పేరు గద సారు. గిదేం రుజువు?"

నా గ్రంథాలయం అప్పుడు గుర్తుకొచ్చింది. "పెద్దయ్యా, మొదట బైబిల్లున్న అంతియొకయ పట్నంల క్రైస్తవులని ఈ పేరు పెట్టింది గూడ బయటోళ్లేనట. లోపలోళ్లు శిష్యులని, సోదరులని అనుకునేటోళ్లు. క్రీస్తంటే తలమీద నూనె పోసి అభిషేకం చేసినాయన. క్రైస్తవులంటే ఆయన మనుషులు. మనకాడ ఫలానా దొర మనుషులంటం సూడు, గట్ల. ఎక్కిరింపుగనే అన్నరని గూడ కొందరు పండితులు రాసిన్రు."

దేవదాసు నవ్వాడు. "అంతియొకయ సంగతి నాకు చెప్తున్నవా సారు? నలభై ఏండ్ల సంది చదువుతున్న."

నా ముఖం చిన్నబోయింది. కానీ ఆయన నవ్వు కూడా మెల్లగా ఆగిపోయింది. కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని సాపు చేశాడు.

"చదువుతున్న గని, పెట్టినోళ్లెవరని ఎన్నడు సోంచాయించలే" అని మల్లయ్య వైపు తిరిగాడు. "గాళ్లు గట్ల పిలిస్తే నువ్వెన్నడన్న కాదన్నవా రా?"

"అనలే. లచ్చవ్వ గూడ అనలే."

"అయితే పో. మా అవ్వ సమాధి పక్కన జాగ ఉన్నదని చెప్పు దానికి."

లచ్చవ్వ ఆ తర్వాత ఆరు రోజులు బతికింది. ఆ ప్రశ్న మళ్లీ అడగలేదని మల్లయ్య చెప్పాడు.

పేరు మొదట ఎవరు పెట్టారో నాకు పుస్తకాల్లో దొరికింది. దాన్ని దిద్దేముందు మోస్తున్న మనిషిని అడగాలని మాత్రం ఏ బీరువాలోనూ దొరకలేదు. మల్లయ్య పనిలోకి తిరిగొచ్చిన రోజు, మేనేజరు సంతకం తీసుకుని ఆ మాట మళ్లీ రాయమంటావా అని అడిగాను.

"రాయుండ్రి సారు" అన్నాడు. "ఈపాలి అడిగిన్రు గద."