అంచు వంగిన అష్రఫీ

మొన్న మనవరాలు ఫోన్‌లో ఒక బొమ్మ చూపించింది. ఎక్కడో వాగులో దొరికిన బంగారు ముద్దట, విరిచిన బెల్లం గడ్డలా వంకరటింకరగా ఉంది. "భూమిలోంచి అట్లనే వచ్చిందట అమ్మమ్మా, దీనికన్నా ప్యూర్ ఇంకేముంటది?" అంది. దొరికిన ముద్దంతా మేలిమి కాదనీ, అందులో ఎంతో కొంత వెండి కలిసే ఉంటుందనీ, నిజాం కాలపు బంగారు నాణెం, మన పాత అష్రఫీయే దానికన్నా నయం కావచ్చనీ చెప్పాను. కంసాలి కూతురిని, ఆ మాత్రం తెలియదంటే మా బాపు పైనుంచి దిగొచ్చి మొట్టికాయ వేస్తాడు. చెప్పానే గాని ఆ బొమ్మను ఇంకోసారి చూడలేక ఫోన్ బోర్లా పెట్టేశాను. అచ్చం అలాంటి ముద్దను నా ఎనిమిదో ఏట చిలకలగూడలో మా అరుగు మీద చూశాను. అది భూమిలోంచి రాలేదు.

మా బాపుకి లోకంలో ఉన్నవి రెండే రకాలు: గీటురాయి మీద నిలిచేవి, నిలవనివి. పెళ్లికి వెళ్లినా పెళ్లికూతురి ముఖం చూసేవాడు కాదు, మెడ చూసేవాడు. మా పక్కింటావిడను నేను ఖాలా అని, అంటే పిన్నీ అని, పిలిచేదాన్ని. ఆమె భర్త రైల్వేలో పనిచేస్తూ పోయాడు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. ఒక్కొక్కరు పుట్టినప్పుడు మామగారు ఒక్కో అష్రఫీ ఇస్తే, మెడలో వేయడానికి మూడింటికీ కొండీలు అతికింది మా బాపే. పెద్దవాడు రెండేళ్లప్పుడు, లోపల ఏముందో చూద్దామనుకున్నాడేమో, తన అష్రఫీని నూరే రాయితో చితక్కొట్టాడు. చార్మినార్ బొమ్మ చెదరలేదు గాని అంచు వంగింది. బాపు సరిచేస్తానంటే ఖాలా ఒప్పుకోలేదు. "ఉండనీ భాయ్, గది వాని నిషానీ, వాని గుర్తు," అని నవ్వింది. మంచి నాణేన్ని అలా వదిలేసినందుకు బాపు చాలా రోజులు సణిగాడు. నాకు మాత్రం ఆ వంపు మీద వేలు రాయడం సరదా.

నలభై ఎనిమిదిలో, పోలీస్ యాక్షన్ నాటికి ఆ పెద్దవాడు బీదర్ దిక్కున మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటున్నాడు. ముస్లింలను ఊచకోత కోస్తున్నారని అటువైపు నుంచి వచ్చే కబుర్లు వినేలా లేవు. ఖాలా చిన్నపిల్లలిద్దరినీ మెట్టుగూడలో చెల్లెలి దగ్గర దింపి, వాణ్ణి తెచ్చుకోవడానికి బయలుదేరింది. వెళ్లే ముందు మూడు అష్రఫీలను రుమాలులో కట్టి బాపు చేతిలో పెట్టింది. "తొవ్వ మంచిగ లేదు భాయ్. నేనొచ్చేదాంక జెర పైలం," అంది.

ఆమె వెళ్లిన కొన్నాళ్లకు వీధిలో మిలిటరీ సోదాలు షురూ అయ్యాయి. ఎవరింట్లో అష్రఫీ దొరికినా లూటీ సొమ్మే అంటున్నారని పుకారు. బాపుకి అన్నం సయించలేదు. ఒక మధ్యాహ్నం కుంపటి రాజేసి, బంగారం కరిగించే మూస ఎక్కించి, ఖాలా రుమాలు విప్పాడు. "ఆమెను అడగకుండనా?" అంది అమ్మ. "ఏడుందో ఎట్ల అడుగుత? ముద్ర పోతే పోయింది, బంగారం యాడికి పోతది?" అన్నాడు. మూడింటినీ కరిగించే ముందు తూచాడు, ముద్ద చల్లారాక తూచాడు. మంటలో పోయిన పిసరంత తరుగుకు అమ్మ చెవికమ్మ తునక వేసి మళ్లీ కరిగించాడు. అంత నిజాయితీగా చేసిన పాడు పని నేను మళ్లీ చూడలేదు.

చలికాలం మొదలయ్యాక ఖాలా ఒక్కతే వచ్చింది. అరుగు మీద కూలబడి, "లేడు భాయ్," అంది. "అందర్నీ ఒక్క గుంతల పూడ్చిండ్రట. నా బిడ్డ ఏ దిక్కున ఉన్నడో చెప్పెటోడు సుత లేడు." అమ్మ ఆమెను పట్టుకుని ఏడ్చింది. కాసేపటికి ఖాలా, "వాని అష్రఫీ ఒక్కసారి ఇయ్యి," అంది.

బాపు ముద్ద తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. సోదాల సంగతి చెప్పాడు. "గురిగింజెత్తు సుత తక్వ లేదు చెల్లె, గీటు పెట్టి చూపిస్త," అన్నాడు. ఆమె వినలేదు. ముద్దను అటు తిప్పి, ఇటు తిప్పి, బొటనవేలితో చుట్టూ తడిమింది.

"ఇందుల నా కొడుకుది ఏది భాయ్?"

బాపు ఉలి అందుకున్నాడు. మూడో వంతు కోసిస్తానని గొణిగాడు. ఖాలా తల అడ్డంగా ఊపి, ముద్దను రుమాలులో కట్టుకుని మెట్టుగూడ వెళ్లిపోయింది. మళ్లీ మా వీధికి రాలేదు.

బాపు ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. ఎవరు పాత నగ కరిగించమన్నా, మూసలో వేసే ముందు వాళ్ల చేతికే తిరిగిచ్చి, "ఏమన్న గుర్తున్నదేమో మంచిగ చూసుకోండ్రి," అనేవాడు. ముసలాయన చాదస్తమని నవ్వుకునేవారు. ఇన్నేళ్లలో నా జ్ఞాపకంలోంచి ఆ కుర్రవాడి ముఖం పోయింది, ఖాలా గొంతు పోయింది, ఆ వంగిన అంచు మాత్రం ఇంకా వేలికి తగులుతూనే ఉంది.